పరీక్షలో రాని ప్రశ్న

“మాట్లాడదాం” అని నా పాఠ్యపథకం పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, కింద పొట్టి సంతకం పెట్టిన మనిషి ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. ఒక్కసారి కాదు, వరసగా మూడేళ్లు అదే మాట రాశారు. మూడో ఏడు “తప్పక మాట్లాడదాం” అని రాశారు. ఆయన మా హెడ్మాస్టారు రాఘవయ్య గారు. ప్రస్తుతం పటమటలో ఉంటున్నారు. తొంభైకి దగ్గరపడినా చెవులు శుభ్రంగా వినిపిస్తాయి కాబట్టి నా మాట వినపడలేదనే సాకు ఆయనకు లేదు. నేను మూడుసార్లు ఆయన ఇంటికి వెళ్లాను. మొదటిసారి తన మోకాళ్ల గురించి గంటసేపు చెప్పారు. రెండోసారి పెసరట్టు పెట్టించి, నేను నోరు తెరిచినప్పుడల్లా “మాస్టారికి ఇంకాస్త అల్లప్పచ్చడి వెయ్యండమ్మా” అని లోపలికి కేకేశారు. మూడోసారి నన్ను చూడగానే కుర్చీలోనే నిద్రపోయారు. నిద్రపోయే మనిషి కాలు ఊపడు. ఆయన ఊపుతున్నారు.

ఇది చాలదన్నట్టు ఆ మధ్య మా హైస్కూలు పాత విద్యార్థులు ఒక సంచిక వేశారు. అందులో బడి గంట ఫొటో ఉంది, కింద దాని బరువు కూడా వేశారు. పద్దెనిమిదేళ్లు అక్కడ జీవశాస్త్రం చెప్పిన నేను మాత్రం “తదితరులు” అనే మాటలో ఉన్నాను. కాబట్టి నా సంగతి నేనే రాసుకోవాలి. నా ప్రశ్న చిన్నది. తాను నమ్మని పాఠాన్ని చెప్పవలసిన మాస్టారిని “మీరిది నమ్ముతారా?” అని తరగతిలో ఎవరైనా అడిగితే, ఆయన నిజం చెప్పాలా, మానాలా? పదో తరగతికి జీవపరిణామం పాఠం నేను ఏటా చెప్పాను. ప్రాణులన్నిటినీ వేటికవిగా చేసినవాడు ఒకడున్నాడని ఇరవై ఏడో ఏట నుంచి నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. ఈ రెండింటి మధ్య నిలబడి ఒక అమ్మాయికి నేనిచ్చిన జవాబు సరైనదో కాదో చెప్పమని నా పైఅధికారిని రాతపూర్వకంగా అడిగాను. ఆయన రాతపూర్వకంగానే తప్పించుకున్నారు.

ఆ రోజుల్లో మా ఇల్లు బందరు కాలువ గట్టు పక్కనే ఉండేది. తెల్లవారేసరికి ఊక పొయ్యి వాసన, అమ్మ మజ్జిగ చిలికే చప్పుడు, వీటి తర్వాత నాన్న చెప్పుల చప్పుడు. ఆయన రోజూ పొద్దున్నే గొడుగు చంకన పెట్టుకుని కాలువ లాకుల దాకా నడిచి వెళ్లేవారు. అక్కడి రేవు మెట్లలో ఎన్ని మునిగాయో చూసుకుని తిరిగొచ్చి, గాబు దగ్గర కాళ్లు కడుక్కుంటూ “ఆరో మెట్టు” అనో “ఏడో మెట్టు” అనో ప్రకటించేవారు. ఎవరికి చెబుతున్నారో తెలిసేది కాదు. లోపల్నుంచి అమ్మ “సరే” అనేది. ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో నారుమడి, నాట్లు, గడ్డి కోత, చుట్టాల ఇళ్లకు ప్రయాణాలు అన్నీ నడిచేవి. నాకు మాత్రం ఆ మెట్ల లెక్క రోజూ గోడ మీద అరిచే కాకితో సమానం. నేను చదువుకున్నవాణ్ణి. మెడిసిన్ సీటు రెండు మార్కుల్లో పోయినవాణ్ణి. ఆ రెండు మార్కులు ఎవరు తగ్గించారో నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను. సీటు పోయాక డిగ్రీ, ఆపైన బీఈడీ చేసి, మా ఊరికి నాలుగు మైళ్ల దూరంలో ఉన్న హైస్కూల్లో చేరాను. సాయంత్రం సైకిలు దిగగానే అమ్మ గుమ్మంలోనే ఆపేసేది.

“ముందా చేతులు సున్నిపిండితో రుద్దుకునిరా. కప్పల కంపు.”

“కప్పల కంపు కాదమ్మా, ఫార్మలిన్.”

“ఏదైతేనేం, నా పులుసు గిన్నె ముట్టుకోబాక.”

అప్పట్లో నాకు దేవుడు లేడు. ఉంటే ఆ రెండు మార్కులకు ఆయన కూడా జవాబు చెప్పాలి కదా అని వాదించేవాణ్ణి. మా బడిలో ప్రయోగశాల అంటే వరండా చివర ఒక పొడుగాటి గది, గాజు సీసాల్లో పాములు, తేళ్లు, ఒక బీరువా, అందులో తాళం వేసిన ఒకే ఒక్క మైక్రోస్కోపు. వీటన్నిటికీ కాపలా దానియేలు. ఆయన మా ల్యాబ్ అటెండరు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఖాకీ చొక్కా, భుజాన తువ్వాలు. అయినా అందరిలాగే నేనూ ఆయన్ని ‘నువ్వు’ అనే పిలిచేవాణ్ణి. పాఠానికి కావలసిన గుర్రపు డెక్క కాలువలోంచి తెచ్చేది ఆయనే. ఒక మధ్యాహ్నం దాని కాడను బ్లేడుతో పల్చగా అడ్డంగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. చాలా చక్కగా కుదిరింది. చూపించుకోవడానికి గదిలో ఇంకెవరూ లేరు.

“దానియేలూ, రోజూ దీన్ని తుడవడమేనా, ఎప్పుడైనా ఇందులోంచి చూశావా?”

“మనకెందుకు సారూ. అద్దం పగిలిందంటే నా పని అయిపోద్ది.”

“నేనున్నాగా. చూడు.”

ఆయన చెప్పులు విడిచి వచ్చాడు. ఒక కన్ను మూసుకుని చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.

“ఏంటి సారూ ఇది? గదులు గదులుగా, ఇల్లు కట్టినట్టుంది.”

“అవి గాలి గదులు. వాటివల్లే అది నీళ్లమీద తేలేది.”

“మనం రోజూ కాలవలోంచి ఈడ్చి గట్టు మీద పారేసేదేనా?”

“అదే.”

ఆయన నిటారుగా నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, కళ్లు మూసుకుని “స్తోత్రం తండ్రీ” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కోసింది నేను. రంగు వేసింది నేను. సరిగ్గా కనపడేలా తిప్పి పెట్టింది నేను. స్తోత్రం మాత్రం ఇంకెవరికో పోయింది.

“ఎవరికయ్యా స్తోత్రం?”

“చేసినాయనకి సారూ.”

“చేసింది నేను!”

“మీరు కోశారు సారూ,” అన్నాడు దానియేలు చాలా మర్యాదగా.

నేను క్రీస్తును తెలుసుకున్నది ఈ అవమానంతోనే. ఎవరైనా నన్ను పక్కనబెట్టి ఇంకొకరిని పొగిడితే ఆ ఇంకొకరెవరో తేల్చుకోకుండా వదిలే అలవాటు నాకు లేదు. ఆ ఆదివారమే సైకిలు వేసుకుని, దానియేలు వాళ్ల పేటలో ఉన్న చర్చికి తగువు పెట్టుకోవడానికి వెళ్లాను. రేకుల షెడ్డు, తాటాకు చాపలు, కొబ్బరినూనె వాసనా మల్లెపూల వాసనా కలిసిన గాలి. ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, తక్కిన అందరూ కింద కూర్చున్నారు. ఆ మర్యాద కూడా నాకు నచ్చలేదు. పాట అయ్యాక పాస్టరు గారి ముందు నా తెల్లకాగితాల పుస్తకం తెరిచాను. అందులో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి. పాస్టరు గారు నా ఈడువాడే. బక్కపల్చటి మనిషి, చొక్కా మోచేతి దగ్గర అతుకు. కొన్నిటికి జవాబు చెప్పాడు. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆగి, “ఇది నాకు తెలియదండీ” అన్నాడు. పధ్నాలుగో దానికీ అదే మాట. నేను అప్పటిదాకా కాలేజీలో ఆచార్యులను అడిగాను, ఇంట్లో పెద్దవాళ్లను అడిగాను, అధికారులకు అర్జీలు పెట్టాను. కసిరినవాళ్లున్నారు, నవ్వి భుజం తట్టినవాళ్లున్నారు. ‘తెలియదు’ అని నా మొహం మీద చెప్పినవాడు ఆయనొక్కడే. తర్వాతి ఆదివారం ఇంకో పుస్తకంతో వెళ్లాను.

ఫలానా గడియలో వెలుగు కనిపించిందని సాక్ష్యాల్లో చెబుతుంటారు. నాకు అలాంటిదేమీ జరగలేదు. ఏడాది పైగా వెళ్లాను, వాక్యం చదివాను, తప్పులు పట్టాను, పాటలకు పెదవులు మాత్రం కదిపాను. ఒకరోజు బడిలో మళ్లీ గుర్రపు డెక్క కాడను కోసి, చూసి, తల ఎత్తేసరికి ఆ స్తోత్రం మాట నా నోట్లోంచే వచ్చింది. దానియేలు గదిలో లేడు కూడా. ఈ గదులు వాటంతటవే ఇలా అమరలేదు, వీటిని కట్టినవాడున్నాడు అని ఆ క్షణాన నాకు ఎంత తేటగా తెలిసిందంటే, ఆ తర్వాత ఎవరు ఎన్ని పుస్తకాలు నా ముందు పెట్టినా నేను చదివాను, మార్కులు వేశాను, ఆ మాట మీద నుంచి మాత్రం కదల్లేదు.

బాప్తిస్మానికి పరీక్షల తర్వాత ఒక ఆదివారం ఖాయం చేశాం. పాస్టరు గారు, దానియేలు, నేను కూర్చుని అన్నీ ఆలోచించాం. తెల్లబట్టలు, పాటలు, పులిహోర, లాకుల రేవు. ముగ్గురం కాలువ నీళ్లు తాగి పెరిగినవాళ్లమే. వేసవిలో కాలువలు కట్టేస్తారన్న సంగతి మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. ఆదివారం పొద్దున ఎనభై మంది డోలు వాయించుకుంటూ, పాడుకుంటూ గట్టెక్కి చూస్తే కాలువ లేదు. బురద ఉంది. మధ్యలో పంచె వెడల్పున నీళ్లు, ఆ నీళ్లలో గేదెలు. పాట దానంతటదే ఆగిపోయింది.

“మాస్టారూ,” అన్నారు పాస్టరు గారు మెల్లగా, “మోకాలి లోతు కూడా లేదండీ.”

“పడుకోబెట్టి ముంచితేనో?” అన్నాడు దానియేలు.

“ఎక్కడ, గేదె పక్కనా?” అన్నాను.

అప్పుడే రేవు పైమెట్టు మీద గొడుగు చంకన పెట్టుకుని నాన్న కనిపించారు. ఇంట్లో నేను ఎవరికీ చెప్పలేదు. ఆయన డోలును చూశారు, పులిహోర గంగాళాన్ని చూశారు, నా తెల్లబట్టలను కింది నుంచి పైదాకా చూశారు.

“కాలవ కట్టి నాలుగు రోజులైంది. మెట్లన్నీ బయటపడ్డాయని రోజూ చెబుతూనే ఉన్నా. నువ్వేనా పిల్లలకి సైన్సు చెప్పేది?”

అని వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. పులిహోర గట్టు మీదే తినేశాం. చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

మళ్లీ నీళ్లు వదిలేదాకా రెండు నెలలు నేను అటూ ఇటూ కాని మనిషిని. ఊరంతటికీ కబురు తెలిసిపోయింది. కనిపించిన ప్రతివాడూ “ఏం మాస్టారూ, ఇంకా నీళ్లు రాలేదా?” అనేవాడు. అన్నవాళ్ల పేర్లు నా దగ్గరున్నాయి. అమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆవిడ బాధ వేరే. మేం ఏటా గుణదల తిరణాలకు వెళ్లేవాళ్లమే, కొండెక్కి కొబ్బరికాయ కొట్టి వచ్చేవాళ్లమే.

“నీ పుట్టెంట్రుకలు గుణదల మేరీమాతకే గదరా ఇచ్చింది. ఆవిణ్ణి ఎప్పుడన్నా కాదన్నామా? ఈ మునగడం దేనికి? దేవుడి గూట్లో అందరితోపాటు ఆయన్నీ పెట్టుకో.”

“అట్లా కుదరదమ్మా.”

“ఎందుక్కుదరదు? చోటుందంటన్నాగా.”

నాన్న మాత్రం నాతో మాట్లాడటం మానేశారు. కాలువలో నీళ్లు లేవు కాబట్టి ఆ రెండు నెలలూ ఆయన ఇంట్లో ప్రకటించింది కూడా ఏమీ లేదు. పొద్దున్నే వెళ్లేవారు, వచ్చేవారు, కాళ్లు కడుక్కునేవారు. లోపల అమ్మ అలవాటుగా చెవి ఒగ్గి, ఏమీ వినపడక, మళ్లీ మజ్జిగలో పడేది. ఎండలు తగ్గుముఖం పట్టాక ఒక ఉదయం గాబు దగ్గర ఆయన గొంతు వినిపించింది. “ఎల్లుండి నీళ్లొదులుతున్నారు. ఆదివారానికి ఎనిమిదో మెట్టు మునుగుద్ది.” లోపల్నుంచి అమ్మ “సరే” అంది. నేను అరుగు మీద ఉన్నాను. నా వైపు ఆయన చూడలేదు. అన్నేళ్లలో ఆయన మెట్లే చెప్పారు తప్ప వారం పేరు ఎన్నడూ చెప్పలేదు. కాలువకు ఆదివారంతో ఏం పని? ఆ ఆదివారం టీ రంగు కొత్తనీళ్లు నా గుండెల దాకా వచ్చాయి. ఎనిమిదో మెట్టు మునిగింది. నాన్న రాలేదు. రాలేదన్నది నేను మరిచిపోలేదు. ఆదివారం అని ఎందుకన్నారో అడగాలని ఏళ్ల తరబడి అనుకుంటూనే ఉన్నాను, ఈలోగా ఆయన పోయారు. తర్వాత మాట్లాడదాం అనేవాళ్లంటే నాకెందుకంత కంగారో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

బడిలో లెక్కల మాస్టారు నాకు కొత్త పేరు పెట్టాడు. “ఆదాము గారూ, టీ తాగుతారా, ఆపిల్ పండు తెప్పించమంటారా?” అనేవాడు. నేను టీయే తాగేవాణ్ణి. అసలు గొడవ వేరే దగ్గర వచ్చింది. దానియేలు మా సంఘంలో పెద్ద. ఆదివారం నా తల మీద చేయి వేసి ప్రార్థించిన మనిషిని సోమవారం “దానియేలూ, ఇట్రా” అనడం నాకు చేతకాలేదు. “దానియేలు గారూ” అన్నాను. స్టాఫ్ రూములో కప్పులు ఆగిపోయాయి. ఫిర్యాదు హెడ్మాస్టారి దాకా వెళ్లింది. రాఘవయ్య గారు మెత్తటి మనిషి. తగువు వాసన తగిలితే కిటికీలోంచి తోటను చూసేవారు. “పిలుపులో ఏముంది సత్యనారాయణా, అందరికీ ‘గారు’ తగిలించెయ్. గొడవ వదిలిపోద్ది” అన్నారు. వారం తిరిగేసరికి గేటు దగ్గర మనిషితో సహా మా బడిలో అందరూ గార్లయ్యారు. ఆయన పద్ధతి అది.

చర్చి వాళ్లు కూడా నన్ను తిన్నగా అర్థం చేసుకున్నారని అనలేను. ఒకరోజు రిక్షాకు మైకు కట్టి “సైన్సు ఓడిపోయింది! సైన్సు మాస్టారు సాక్ష్యం చెప్పబోతున్నారు!” అని ఊరంతా తిప్పారు. నేను సైకిలు అడ్డం పెట్టాను. “ఎక్కడ ఓడిపోయిందయ్యా? రేపు పదింటికి మళ్లీ దాన్నే చెప్పాలి నేను!” సాయంత్రం సభలో నలభై నిమిషాలు గాలి గదుల గురించి చెప్పి, అసలు మాటకు వచ్చేలోపు పాట ఎత్తుకున్నారు. కిందికి దిగుతుంటే ఒక పెద్దాయన “కోతి పాఠం మానేశారా బాబూ?” అని అడిగాడు. “మానలేదండీ, దానికి మార్కులున్నాయి” అన్నాను. ఆ తర్వాత నన్ను ఏ సభకూ పిలవలేదు.

నిజానికి ఆ పాఠాన్ని నేను అందరికంటే బాగా చెప్పేవాణ్ణి. నమ్మనివాడు దొంగచాటుగా కుదించి చెప్పాడని రేపెవరూ అనకూడదు. జిరాఫీ మెడ బొమ్మ బోర్డు నిండా వేసి, రంగు సుద్దముక్కలతో మచ్చలు కూడా పెట్టేవాణ్ణి. ఒకరోజు పాఠం అయిపోయి సుద్దపొడి దులుపుకుంటుంటే రెండో బెంచీలోంచి సుజాత లేచింది. దానియేలు గారి అమ్మాయి. నూనె రాసి బిగించిన రెండు జడలు. అనవసరంగా నోరు విప్పని పిల్ల.

“మాస్టారూ, మీరిది నమ్ముతారా?”

కాలువలో నీళ్లు లేని ఆదివారం సంగతి తెలియనివాడు ఆ తరగతిలో ఒక్కడూ లేడు. నిజం చెబితే పాఠం పోతుంది, అబద్ధం చెబితే నేను పోతాను. నా నోటికి వచ్చింది ఇది.

“అది పరీక్షలో రాదు. కూర్చో.”

అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది. నవ్వలేదు.

పాఠ్యపథకం పుస్తకం వారం వారం రాసి హెడ్మాస్టారికి ఇవ్వాలి. చివరి గడిలో ఉపాధ్యాయుని వ్యాఖ్య అని ఉంటుంది. అందరూ “పాఠం సంతృప్తికరంగా జరిగినది” అని రాసి ఊరుకునేవాళ్లు. నేను ఆ శనివారం జరిగింది జరిగినట్టు రాసి, గడి చాలక అదనపు కాగితం అంటించి, “విద్యార్థినికి నేను నిజం చెప్పవలసి ఉండెనా, తెలియజేయ ప్రార్థన” అని ముగించాను. సోమవారం పుస్తకం తిరిగి వచ్చింది. ఎర్ర సిరాతో “మాట్లాడదాం.” వెంటనే ఆయన గదికి వెళ్లాను.

“ఇప్పుడు కాదయ్యా, ఇన్‌స్పెక్షనుంది.”

రెండు వారాలాగి మళ్లీ వెళ్లాను.

“ఇప్పుడింకెందుకయ్యా, ఇన్‌స్పెక్షను అయిపోయిందిగా!”

మరుసటి ఏడు అదే పాఠం, వ్యాఖ్య గడిలో నా అదే ప్రశ్న, అదే ఎర్ర సిరా. ఆ పైఏడు ‘తప్పక’ చేరింది. తర్వాత ఆయనకు బదిలీ అయింది. వీడ్కోలు సభలో దండ వేస్తుంటే నా చెవి దగ్గరికి వంగి, “నువ్వు మంచి మాస్టారివి సత్యనారాయణా” అన్నారు. “నేనడిగింది అది కాదండీ” అన్నాను. ఫొటో తీశారు. అందులో నా నోరు తెరిచి ఉంటుంది.

ఇదంతా ఇప్పుడు పైకి రావడానికి కారణం నా కుడికన్ను. శుక్లం వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కంటి ఆసుపత్రికి వెళ్తే, చుక్కలు వేసి ముప్పావుగంట కూర్చోబెట్టి, తర్వాత చేయి పట్టి లోపలికి తీసుకెళ్లారు. కళ్లు చెదిరి ఏమీ కనిపించడం లేదు. ఎదురుగా మైక్రోస్కోపు లాంటి యంత్రం. ఈసారి దాని కింద ఉన్నది నేను.

“గడ్డం ఇక్కడ పెట్టండి మాస్టారూ. నన్ను గుర్తుపట్టారా?”

“చుక్కలేశారు గదమ్మా, నా చెయ్యే నాకు కనపడట్లేదు.”

“దానియేలు గారి అమ్మాయినండీ. సుజాతని. మిమ్మల్నొకటి అడిగాను, మీరు జవాబు చెప్పలేదు.”

నా ఒంట్లోకి కొత్త బలం వచ్చింది. నాలాగే మరిచిపోని మనిషి భూమ్మీద ఇంకొకరున్నారు!

“రెండో బెంచీ. బోర్డు మీద జిరాఫీ. నేను పరీక్షలో రాదన్నాను.”

“అబ్బో, గుర్తుందే! నాన్ననడిగితే మాస్టార్నడుగు, ఆయనకి రెండూ తెలుసన్నారు. మిమ్మల్నడిగితే పరీక్షలో రాదన్నారు. ఇంకెవర్నడగాలండీ నేను?”

నా ప్రశ్నలకు జవాబు ఎగ్గొట్టిన వాళ్లందరి పేర్లూ నాకు కంఠతా వచ్చు. ఎగ్గొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణని ఆ కుర్చీలో, గడ్డం ఆ మెట్టు మీద ఆనించి, కదలడానికి లేకుండా ఉన్నప్పుడు తెలిసింది.

“నమ్మను తల్లీ,” అన్నాను. “అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆయన చేశాడనే నమ్ముతాను. కానీ పాఠంలో మాత్రం ఒక్క ముక్క వదల్లేదు.”

“అది నాకు తెలీదాండీ? మీరు చెప్పిందాంతోనేగా నాకు మెడిసిన్ సీటొచ్చింది.”

“మరి నీ మాటేంటి?”

“నేను పాఠమే నమ్ముతాను మాస్టారూ. ప్రతి ఆదివారం చర్చికీ వెళ్తాను.”

“రెండూ ఎట్లా కుదురుతాయి?”

“కుదుర్చుకున్నాను.”

అచ్చంగా మా అమ్మ మాటలా వినిపించి నేను తగువుకు దిగాను. “కంటి డాక్టరువి! కన్ను చూసి కూడా నమ్మవా?”

“నేను రోజూ చూస్తాను మాస్టారూ. బాగున్న కన్ను మా దగ్గరికి రాదు. కదలకండి.”

కదల్లేదు. కానీ ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. బయట రోగులు గొణిగారు, నర్సు రెండుసార్లు తలుపు తీసి చూసింది. అంత సంతోషంగా నేను ఈ మధ్య ఎవరితోనూ పోట్లాడలేదు. చివరికి దీపం ఆర్పి, కుర్చీ వెనక్కి జరుపుకుని సుజాత అంది, “మీ జవాబు నాకు నచ్చకపోవచ్చు మాస్టారూ. కానీ అప్పుడే చెప్పుంటే, నచ్చకపోయినా ఇట్లా ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చని నాకు తెలిసేది. నేను పాఠమే నమ్ముతానని నాన్న దగ్గర పదేళ్లు దాచానండీ. చర్చి నుంచి వచ్చాక ఆయన వాక్యం గురించి మాట్లాడబోతే తలనొప్పని లేచి వెళ్లిపోయేదాన్ని.”

“ఆయన పోయేలోపు చెప్పావా?”

“చెప్పాను. నవ్వారు. ‘మాస్టారికి తెలుసా’ అన్నారు.”

ఇంటికొచ్చి, కళ్లు మామూలు అయ్యేదాకా ఆగి, పెట్టెలోంచి పాఠ్యపథకం పుస్తకాలు మూడూ తీశాను. కాగితాలు పచ్చబడ్డాయి, సిరా మాత్రం ఎర్రగానే ఉంది. ఇప్పటి పిల్లలు ఏదైనా ఫోనును అడుగుతారు. అడిగిన క్షణంలో జవాబు వస్తుంది. ఎవరి మొహమూ ఎర్రబడదు, ఎవరూ లేచి నిలబడనక్కర్లేదు. కాలువలు ఇప్పటికీ వేసవిలో కడతారు, మెట్లు లెక్కపెట్టేవాళ్లు లేరు. గుర్రపు డెక్క అప్పటికంటే ఎక్కువే ఉంది. అప్పటి కంటే ఇప్పుడు అన్నీ చెడిపోయాయని నేననను. ఆ రోజుల్లో మేం ఎదురెదురుగా కూర్చునేవాళ్లం, నిజమే. ఎదురుగా కూర్చుని జవాబు చెప్పకపోవడం కూడా మేమే నేర్చుకున్నాం. అందులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను. ఒక అమ్మాయి తన తండ్రికి పదేళ్లు దూరంగా మసలడంలో నా నాలుగు మాటలున్నాయి.

రాఘవయ్య గారూ, మీరు నా మీద కోపంతో ఊరుకోలేదని నాకు తెలుసు. చెప్పమంటే ఊళ్లో ఒకళ్లకు కోపం, వద్దంటే ఇంకొకళ్లకు కోపం. మీకు ఇద్దరూ కావాలి. ఇప్పుడు మిమ్మల్ని బదిలీ చేసేవాళ్లు లేరు, నన్ను సంజాయిషీ అడిగేవాళ్లు లేరు. సుజాత తన మాట చెప్పింది గానీ ఆ అమ్మాయి నా శిష్యురాలు, నన్ను క్షమించడం ఆమెకు తేలిక. మీరు నా పైఅధికారి. ఆ రోజు తరగతిలో నేను నిజం చెప్పవలసి ఉంటే ఇన్నాళ్లూ నేను పిరికివాణ్ణి. చెప్పకూడనిదే అయితే ఆ పిల్ల పదేళ్ల బాధకు బడే కారణం, నేను కాదు. ఈ రెంటిలో ఏదో తెలియకుండా నేను పోదలచుకోలేదు, మిమ్మల్ని పోనివ్వను కూడా. గురువారం పదింటికి పటమట వస్తున్నాను. అవుననండి, కాదనండి, తెలియదనండి. ఏదో ఒకటి మీ నోటితో, నా ఎదుట చెప్పండి.